గీత మందం

టౌను ఆఫీసు మూడో అంతస్తు.
గోడ నిండా మా ఊరి పటం.
నుకుయి ఎర్ర పెన్ను మూత తీసి
బొగ్గు కొండ దగ్గర మొదలుపెట్టి
మూతబడ్డ స్టేషను మీదుగా నది వంపు దాకా
చేయి ఎత్తకుండా గీశాడు.
"లోపలిది కుదించిన ఊరు," అన్నాడు.
బయటిదానికి పేరు పెట్టలేదు.

నేను మంచు తోసే బండి నడుపుతాను.
ఇరవై రెండు చలికాలాలుగా
రాత్రి రెండింటికి లేచి
ఈ ఊరికి దారి ఉందని
రోజూ మళ్ళీ మొదట్నించీ రుజువు చేస్తాను.
పెన్నుల సంగతి నాకు తెలియదు.
బ్లేడు సంగతి తెలుసు:
దించితే రోడ్డు, ఎత్తితే బయలు.

సప్పొరొ నుంచి సలహాదారు వచ్చాడు.
సామాజిక మందిరంలో తెర కట్టి బొమ్మలు చూపించాడు.
ఒకప్పుడు పంతొమ్మిది వేల మంది,
ఇప్పుడు రెండువేల ఎనిమిది వందలు.
గని ఉన్నప్పుడు వేసిన నీటి గొట్టాలు,
గని పోయాక మిగిలిన పన్నులు.
ఒక్క కుళాయి కోసం నాలుగు కిలోమీటర్ల ఇనుము
మట్టిలో తుప్పు పడుతోందన్నాడు.
సేవల సాంద్రత అన్నాడు,
నివాస ప్రోత్సాహక మండలం అన్నాడు.
మా చేతుల్లో టీ చల్లారిపోయింది.

వెనక వరసలోంచి ఇవాయా లేచాడు.
"అయ్యా, మమ్మల్ని పొమ్మంటున్నారా?"
"అయ్యో, లేదండీ. ఎవర్నీ పొమ్మనం.
ఉండమని ప్రోత్సహించం, అంతే."
నవ్వాలో వద్దో తెలియక
కొందరు నవ్వారు.

అబద్ధమెందుకు, లెక్క తప్పు కాదు.
డీజిలు పోయించేది నేనే, రసీదు మీద సంతకం నాదే.
కింది లోయ దాకా పోయి రావడానికి
ముప్ఫై లీటర్లు.
ఆ చివర వెలిగే కిటికీలు రెండు.
"మనిషి చిక్కితే చొక్కా బిగువు చేయించుకోడా?"
అని నుకుయి అడుగుతాడు.
చేయించుకుంటాడు.
కత్తిరించి పారేసిన గుడ్డలో మాత్రం
ఎవరిదో ఒకరిది జేబు ఉంటుంది.

డిసెంబరులో పటం నకలొకటి నా చేతికిచ్చారు.
ఎర్ర గీత రాగానే బ్లేడు ఎత్తేయాలి.
బండిలో లైటు వేసుకుని చూశాను.
కాగితం మీద మిల్లీమీటరంటే
నేల మీద పాతిక మీటర్లు.
గీత మందం సరిగ్గా మిల్లీమీటరు.
ఆ మందంలో
హత్సుయె పాల కొట్టం ఉంది.

పద్నాలుగు ఆవులు.
మేసేది గీతకి అవతల, పాలిచ్చేది ఇవతల.
ఆరున్నరకల్లా పాల లారీ వాకిట్లోకి రావాలి.
రాలేదా, పారబోసుకోవడమే,
తెలుపు మీద తెలుపు,
పోయినట్టు కూడా ఎవరికీ కనపడదు.

ఆఫీసుకి ఫోన్ చేశాను.
"గీత లోపలి అంచు దగ్గర ఎత్తాలా,
బయటి అంచు దగ్గరా?"
అటునుంచి చాలాసేపు ఊపిరి చప్పుడే.
ఆ కొట్టం వెనక బడిలోనే
నుకుయి అక్షరాలు దిద్దాడు.
బడిలో ఇప్పుడు పుట్టగొడుగులు పెంచుతున్నారు.
"ఇంకా సన్న పెన్ను తెప్పిస్తాను," అన్నాడు చివరికి.

ఫిబ్రవరి వచ్చింది. పెన్ను రాలేదు.
రాత్రి అరమీటరు పడింది.
గీత ఉండాల్సిన చోటికొచ్చి ఆగాను.
అక్కడ గీతేమీ లేదు.
రోడ్డు అంచు చూపే బాణం గుర్తు ఒకటి, వంగిపోయి,
దాని కింద ఒక నక్క అడుగులు
అటూ ఇటూ.

పదకొండు టన్నుల బండి ఇది.
తిప్పుకోవాలంటే చోటు కావాలి కదా.
హత్సుయె వాకిలంత చోటు.
పద్దు పుస్తకంలో రాశాను:
బండి తిప్పిన స్థలం, నలభై ఒక్క మీటర్లు.
నిన్నా అంతే. మొన్నా అంతే.
ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఇవాయా ఇల్లు అక్కణ్ణించి
ఇంకో రెండు కిలోమీటర్లు.
అంత పెద్ద మలుపు ఏ బండికీ ఉండదు.
కాసేపు అటువైపు లైట్లు వేసి ఉంచాను.
తర్వాత
బ్లేడు ఎత్తాను.